భద్రాచలం ఏజెన్సీలో ఆదివాసీ స్త్రీల ఆరోగ్యం, రక్షణ: హక్కుల సంస్థల పాత్ర – ఒక పరిశీలన

ఖమ్మం మైదానం ముగిసి అడవి మొదలయ్యే చోటు నుంచి ఛత్తీస్‌గఢ్ పొలిమేర దాకా గోదావరికి ఇరువైపులా విస్తరించిన భద్రాచలం ఏజెన్సీ పాలనాపరంగా పలుమార్లు చేతులు మారింది. భద్రాచలం డివిజన్ 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి ఆ ఏడాది ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతో పాటు భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరు 11న భద్రాచలం పట్టణం కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. హద్దులు ఎన్ని మారినా కోయ, కొండరెడ్డి, నాయకపోడు, గుత్తికోయ గూడేలకు కష్టమైన కాన్పు వచ్చినా, పాము కరిచినా, మలేరియా ముదిరినా దిక్కు భద్రాచలం ఏరియా ఆసుపత్రే కావడం వల్ల, వైద్యం ఒక రాష్ట్రంలోనూ రేషన్ కార్డు, పోలీసు స్టేషను మరొక రాష్ట్రంలోనూ ఉన్న స్త్రీలు ఇక్కడ అరుదు కాదు.

ఇటువంటి ప్రాంతంలో పనిచేసే హక్కుల సంస్థలను, అంటే సొంతంగా సేవలు అందించడం కన్నా ప్రభుత్వం అందించవలసిన సేవలను అడిగి రాబట్టడం, జరిగిన అన్యాయాన్ని నమోదు చేసి తగిన అధికారుల ముందు ఉంచడం ప్రధాన విధిగా పెట్టుకున్న లాభాపేక్ష లేని సంస్థలను, ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రాజెక్టు పత్రాల్లో ఆరోగ్యం ఒక పద్దు, రక్షణ మరొక పద్దు. వాటికి వేర్వేరు సమన్వయకర్తలు, వేర్వేరు నివేదికలు ఉంటాయి. ఈ విభజన ఏజెన్సీ స్త్రీల జీవితానికి పొసగదనీ, దానిని పట్టించుకోకుండా నడిచిన కార్యక్రమాలు అసలైన ప్రశ్నను జారవిడిచాయనీ ఇక్కడి ప్రతిపాదన.

దీనికి బలమైన ఆధారం 2009–10 నాటి టీకా ఉదంతం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన హ్యూమన్ పాపిలోమా వైరస్ సోకకుండా కాపాడే టీకాను, అమెరికాకు చెందిన పాత్ అనే లాభాపేక్ష లేని సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 2009 జూలైలో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు వేయడం ప్రారంభించాయి. సుమారు 14,000 మందికి మూడు మోతాదుల చొప్పున గార్డసిల్ టీకా వేయడం లక్ష్యం. ఇదే పథకం కింద గుజరాత్‌లోని వడోదర జిల్లాలో సర్వారిక్స్ అనే మరో టీకాను వాడారు. నిధులు బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ నుంచి రాగా, టీకాలను తయారీ కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. టీకాను ప్రజలకు అందించే తీరును పరీక్షించే ప్రదర్శక పథకమే తప్ప ఇది మందు ప్రయోగం కాదని పాత్ మొదటి నుంచీ వాదించింది.

భద్రాచలం మండలంలో టీకా వేయించుకున్న వారిలో గిరిజన సంక్షేమ శాఖ నడిపే ఆశ్రమ పాఠశాలల, అంటే పిల్లలు అక్కడే ఉండి చదువుకునే వసతి బడుల, బాలికలు గణనీయంగా ఉన్నారు. తల్లిదండ్రులు దూరపు గూడేల్లో పోడు పనుల్లో ఉంటే, పిల్లకు జ్వరమొచ్చినా, పరీక్ష ఫీజు కట్టవలసినా, ఇంటికి పంపవలసినా సంతకం చేసేది వార్డెనే; రోజువారీ సౌలభ్యం కోసం ఏర్పడిన ఈ అలవాటే టీకా సమ్మతికీ విస్తరించింది. సమాచారపూర్వక సమ్మతి అంటే వైద్య చర్య ఏమిటో, దానివల్ల లాభనష్టాలేమిటో, వద్దనే హక్కు తమకుందనీ తెలుసుకున్న తరువాత ఇచ్చే అంగీకారం. మైనర్ల తరఫున దానిని తల్లిదండ్రులు గానీ చట్టబద్ధ సంరక్షకులు గానీ ఇవ్వాలి. అయితే, పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉండగా, 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారు. వేలిముద్ర దానంతట అది లోపం కాదు. చదువురాని తల్లికి తన కోయ భాషలో ఎవరు ఏమి చెప్పారో ఆ ముద్ర చెప్పలేకపోవడమే లోపం.

ఈ సంగతులు బయటికి రావడంలో ఢిల్లీ కేంద్రంగా స్త్రీల ఆరోగ్యంపై పనిచేసే సమ అనే సంస్థ పాత్ర కీలకమైనది. 2010 మార్చిలో ఆ సంస్థ నిజనిర్ధారణ బృందం భద్రాచలం వచ్చి బాలికలతో, తల్లిదండ్రులతో, సిబ్బందితో మాట్లాడి, టీకా తరువాత తలనొప్పి, కడుపునొప్పి వంటి ఇబ్బందులు చెప్పుకున్నా వాటిని నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదని తెలియజేసింది. బాలికల మరణాల వార్తలు కూడా రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం పథకాన్ని నిలిపివేసి విచారణ సంఘాన్ని నియమించింది. మరణాలకు టీకాతో సంబంధం లేకపోవడానికే అవకాశం ఎక్కువని ఆ సంఘం 2011లో అభిప్రాయపడుతూనే, సమ్మతి సేకరణలో, దుష్ప్రభావాల నమోదులో లోపాలను ఎత్తిచూపింది. స్థాయీ సంఘం మరింత కటువుగా మాట్లాడి, పథకాన్ని ప్రయోగంగానే పరిగణించాలని పేర్కొంది. ఆ ఆరోపణలను పాత్ అంగీకరించలేదు. టీకా సామర్థ్యం ఇక్కడ వివాదాంశం కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణకు దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికీ సిఫారసు చేస్తోంది. మంచి టీకాను చెడు పద్ధతిలో వేయడం వల్ల ఆ టీకాపైనే అపనమ్మకం పెరగడం ఈ ఉదంతం మిగిల్చిన నష్టాల్లో ఒకటి.

వివాదమంతా టీకా చుట్టూ తిరగడం వల్ల విచారణలో బయటపడిన మరొక విషయం మీద చర్చ దాదాపు జరగనే లేదు. రెండు జిల్లాల్లోనూ కలిపి మరణించిన ఏడుగురు బాలికల్లో ఒకరు క్వారీ నీటిలో మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియా ముదిరి చనిపోయారని నమోదైంది. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత నిశ్చయంగా తేలలేదు. టీకాను నిర్దోషిగా తేల్చడానికి ఉపకరించిన ఈ జాబితాను ఏజెన్సీ బాలిక ఎదుర్కొనే ప్రమాదాల పట్టికగా చదివితే దాని అర్థం పూర్తిగా మారిపోతుంది. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లకు పురుగుమందు డబ్బా అందుబాటులో ఉండడం, దానిని తాగేంత కష్టం వచ్చినప్పుడు చెప్పుకునే మనిషి లేకపోవడం, విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రి దూరంగా ఉండడం అనే వాటిలో ఏది ఆరోగ్య సమస్య, ఏది రక్షణ సమస్య? మరణానికి టీకా కారణం కాదని తేలగానే విచారణ ముగిసింది. హక్కుల సంస్థల పని నిజానికి అక్కడే మొదలు కావలసింది. వాటి దృష్టి కూడా కంపెనీలు, అనుమతులు, కోర్టు వ్యాజ్యాల మీదనే ఎక్కువగా నిలిచిందన్న విమర్శను కాదనలేం.

ఆ వ్యాజ్యాల ఫలితం చిన్నదని చెప్పడం కూడా న్యాయం కాదు. టీకా పథకంపై స్త్రీల ఆరోగ్య కార్యకర్తలు వేసిన పిటిషన్‌లో, పార్లమెంటరీ సంఘాల నివేదికలను కోర్టులు పరిశీలనకు తీసుకోవచ్చునని 2018 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. మందుల ప్రయోగాలపై నడిచిన మరో కేసు పర్యవసానంగా 2013లో సమ్మతి ప్రక్రియను దృశ్య శ్రవణ రూపంలో రికార్డు చేయాలన్న నిబంధన వచ్చింది.

పురుగుమందు మాట వచ్చినప్పుడు మిరప తోటల ప్రస్తావన తప్పదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగే మిరప కోతలకు ఏజెన్సీ గూడేల నుంచీ, సరిహద్దు అవతలి బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచీ స్త్రీలు, ఆడపిల్లలు ముఠాలుగా గోదావరి ఒడ్డు తోటలకు వస్తారు. చేను గట్టున టార్పాలిన్ డేరా, బోదెలో నీళ్లు, ఘాటుకు మండే చేతులతోనే వంట, చీకటి పడ్డాక బహిర్భూమికి వెళ్లాలంటే భయం; నెలసరి వచ్చిన రోజుల్లో ఈ ఇబ్బందులన్నీ రెట్టింపవుతాయి. కూలీని కుదిర్చిన ముఠా మేస్త్రీ, తోట రైతు, ట్రాలీ తోలే డ్రైవరు వీరిలో చట్టం దృష్టిలో యజమాని ఎవరో తేల్చడం కష్టం కాబట్టి, పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 జిల్లా స్థాయిలో ఏర్పాటు చేయమన్న స్థానిక ఫిర్యాదుల సంఘమే ఆ చట్టం కింద ఆ స్త్రీకి మిగిలే మార్గం. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల తెలంగాణ మిరప తోటల్లో పని ఆగిపోయి, కాలినడకన ఇంటికి బయలుదేరిన బీజాపూర్ జిల్లాకు చెందిన 12 ఏళ్ల ఆదివాసీ బాలిక సొంత ఊరు సమీపిస్తుండగా మరణించింది. ఆ మరణం బాల కార్మిక సమస్యా, వలస సమస్యా, పోషకాహార సమస్యా అన్నది శాఖల మధ్య పంపకానికి పనికివచ్చే ప్రశ్నే కానీ, కార్యక్రమం రూపొందించేవారికి పనికివచ్చేది కాదు.

సరిహద్దు దాటి వచ్చి స్థిరపడినవారి పరిస్థితి వేరు. 2005లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ దళాల ఉద్యమం మొదలైన తరువాత ప్రాణభయంతో తరలివచ్చి చర్ల, దుమ్ముగూడెం వంటి మండలాల అడవుల్లో గూడేలు కట్టుకున్న గుత్తికోయలకు ఇక్కడ గిరిజన ధ్రువపత్రాలు దక్కలేదు. సల్వాజుడుంను 2011 జూలైలో సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించినా వలస వచ్చినవారికి ఆధారాలు ఏర్పడలేదు. అటవీ శాఖ గుడిసెలు తొలగిస్తుందన్న భయమున్న గూడెంలో గర్భిణి పేరు నమోదు చేయించుకోవడానికి కూడా జంకుతుంది. పేరు రాయించుకుంటే తన ఉనికి తెలిసిపోతుందన్నది ఆమె లెక్క. ఇక్కడ ఆశా కార్యకర్త పుస్తకంలో ఒక పేరు చేరాలంటే ముందు ఆ గూడెం కూల్చివేతకు గురికాదన్న హామీ కావాలి.

రక్షణ కోసం చేసిన చట్టమే ఆరోగ్యానికి అడ్డుపడే సందర్భాలూ ఉన్నాయి. లైంగిక నేరాల నుంచి బాలలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు బాలికపై నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలి. చిన్న వయసులోనే కలిసి బతకడం మొదలుపెట్టే జంటలున్న గూడేల్లో పదిహేడేళ్ల గర్భిణి ఆసుపత్రికి వెళితే భర్త జైలుకు వెళతాడన్న మాట పాకి, కాన్పు గుడిసెలోనే మంత్రసాని చేతుల మీదుగా జరిపించుకోవడానికి కారణమవుతుంది. గర్భస్రావం కోరే మైనరు పేరు, గుర్తింపు పోలీసు సమాచారంలో వెల్లడించనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. అయితే ఆ వెసులుబాటు గర్భస్రావానికి పరిమితం. కాన్పు కోసం వచ్చే బాలిక భయం అలాగే మిగిలింది. మరోవైపు, నిజంగా హింస జరిగినప్పుడు కుల పెద్దలు తప్పు కట్టించి రాజీ చేసే ఆనవాయితీ వల్ల వైద్య పరీక్షకు పనికివచ్చే గంటలు గడిచిపోతాయి. విశాఖ మన్యంలోని వాకపల్లిలో 2007లో పోలీసులపై ఆదివాసీ స్త్రీలు చేసిన అత్యాచార ఆరోపణల కేసులో, 2023లో ప్రత్యేక న్యాయస్థానం నిందితులను విడుదల చేస్తూనే, దర్యాప్తు వైఫల్యాన్ని ఎత్తిచూపి బాధితులకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. సాక్ష్య సేకరణ కూడా ఆరోగ్య సేవలో భాగమేనన్న అవగాహన లోపిస్తే జరిగేది అదే.

నమోదు చేసే పనికి ఎంత బలముంటుందో కెనడా అనుభవం తెలియజేస్తుంది. అక్కడి ఆదివాసీ స్త్రీల జాతీయ సంఘం 2005 నుంచి 2010 దాకా నడిపిన పరిశోధన, కనిపించకుండా పోయిన, హత్యకు గురైన 582 మంది స్త్రీలు, బాలికల వివరాలను ఒకచోట చేర్చింది. ప్రభుత్వం జాతీయ విచారణ జరిపి 2019 జూన్‌లో నివేదిక వెలువరించడానికి దారితీసిన వాటిలో అది ఒకటి. ఆ లెక్క తీసినవారు ఆ సమాజపు స్త్రీలే కావడం గమనించదగినది. భద్రాచలంలో కోయ, కొండరెడ్డి స్త్రీలు ఆరోగ్య కార్యకర్తలుగా, అనువాదకులుగా ఉన్నంతగా సంస్థల పాలక మండళ్లలో కనిపించరు. దీనికి నిధుల స్వరూపమూ ఒక కారణం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరొక సంస్థకు బదలాయించడాన్ని నిషేధించి, పాలనా వ్యయాన్ని 50 శాతం నుంచి 20 శాతానికి కుదించింది. వాహనాల నిర్వహణ, నివేదికల తయారీ, న్యాయవాదుల రుసుము నిబంధనల ప్రకారం పాలనా వ్యయం కిందికే వస్తాయి. హక్కుల సంస్థకు అసలు పని అదే కనుక, ఈ పరిమితి ఆసుపత్రి నడిపే సంస్థ కన్నా దానినే ఎక్కువ దెబ్బతీస్తుంది.

ప్రత్యామ్నాయంగా గ్రామసభ వైపు చూడాలన్న సూచన తరచు వినిపిస్తుంది. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం, సామాజిక, ఆర్థిక అభివృద్ధి కార్యక్రమాలను పంచాయతీ అమలు చేసే ముందు గ్రామసభ ఆమోదం తీసుకోవాలంటుంది. 2009 నాటి టీకా పథకం అటువంటి సభ ముందుకు వచ్చి ఉంటే తల్లిదండ్రులకు ముందుగా విషయం తెలిసేదే. అయితే గ్రామసభలో గట్టిగా మాట్లాడేది సాధారణంగా పటేళ్లు, పెద్దమనుషులే. వార్డెన్ సంతకం స్థానంలో పెద్దమనిషి మాట వచ్చి చేరితే బాలిక స్థానం మారదు. సామూహిక ఆమోదం, వ్యక్తిగత సమ్మతి రెండూ అవసరమైనప్పుడు, సభ సరేనన్న దానికి ఒక కోయ బాలిక వద్దంటే ఆ మాట ఎవరికి, ఏ భాషలో చెప్పాలో, దానిని ఎవరు రాసిపెట్టాలో ఇంతవరకూ ఏ నిబంధనా నిర్దేశించలేదు.