స్వల్ప స్మృతి గల యంత్రము: స్వాప్ తావుల చరిత్రము

గ్రంథాలయమునకు వచ్చువారందరు నొక విషయ మెరుగుదురు. చదువరి ముందున్న బల్ల చిన్నది. వెనుకనున్న బీరువాలు పెద్దవి. బల్లపై పట్టినన్ని పుస్తకములే ఒకమారు పరచుకొనగలము. క్రొత్తది కావలసినపుడు, అప్పటికి పనిలేని దానిని బీరువాలో నుంచి రావలెను. కంప్యూటరునందును ఇట్టి ఏర్పాటే కలదు. దాని బల్ల ర్యామ్ అనబడు స్మృతి. దాని బీరువా డిస్కు. పనిలేని పుటలను దాచుటకై డిస్కులో కేటాయించిన చోటును స్వాప్ అందురు. ఇచ్చిపుచ్చుకొను తావని దాని కర్థము చెప్పుకొనవచ్చును.

పల్లెల గ్రంథాలయములకు దానముగ వచ్చునవి తరచు పాతబడిన కంప్యూటర్లే. 2 జీబీ స్మృతి మాత్రమే గల యంత్రము నేటి అంతర్జాల పుటలను తెరచుటకే ఆయాసపడును. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చిన విద్యార్థి గడియారము చూచుకొనుచు కూర్చుండవలసి వచ్చును. అట్టి యంత్రమును మూలకు నెట్టవలెనా, పనికి తెచ్చుకొనవలెనా యనునది కొంతవరకు ఈ స్వాప్ తావులను నిలుపు వరుసపై ఆధారపడి యున్నది. కావున వాని చరిత్ర నిచట సంగ్రహముగ వ్రాయుచున్నాను.

ఇంగ్లండునందలి మాంచెస్టరు విశ్వవిద్యాలయమున టామ్ కిల్బర్న్ నాయకత్వమున రూపొందిన అట్లాస్ అను కంప్యూటరు 1962 డిసెంబరు 7వ తేదీన ప్రారంభింపబడినది. ఆ కాలమున స్మృతి మిక్కిలి ఖరీదైన వస్తువు. సన్నని తీగలకు గ్రుచ్చిన చిన్న అయస్కాంతపు పూసలతో దానిని తయారుచేయుచుండిరి. అట్లాసునందు అట్టి వేగము గల స్మృతి 16,384 యంత్రపదములకు మాత్రమే చాలెడిది. దానికి తోడుగ, గిరగిర తిరుగు అయస్కాంత డ్రమ్ములపై 98,304 పదములకు చోటుండెను. అంతకు పూర్వము ఏ భాగము ఎప్పుడు డ్రమ్ముపైకి పోవలెనో, ఎప్పుడు తిరిగి రావలెనో ప్రోగ్రాము వ్రాయువారే లెక్కచూచుకొనవలసి యుండెడిది. కిల్బర్న్ బృందమువారు ఆ భారమును యంత్రమునకే అప్పగించిరి. స్మృతిని 512 పదముల పుటలుగ విభజించి, ఏ పుటతో ప్రస్తుతము పనిలేదో అంచనా వేసి దానిని డ్రమ్మునకు పంపు ఉపాయమును కల్పించిరి. ప్రోగ్రాము వ్రాయువారికి రెండును కలిసి ఒకే పెద్ద స్మృతివలె కనబడెను. నేటి స్వాప్‌నకు మూల మిదియే.

అయితే ఈ ఉపాయమునకు హద్దు కలదు. అనేకుల పనులను ఒకేసారి నెత్తికెత్తుకొన్న కొన్ని యంత్రములు పుటలను తెచ్చుటతోను పంపుటతోను కాలమంతయు గడపి, అసలు పని చేయకుండెడివి. ఈ దుస్థితికి థ్రాషింగ్ అని పేరు. అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ డెనింగ్ 1968లో దీని కారణమును విశదపరచెను. ప్రతి పనికిని ఆయా సమయమున చేతిక్రింద నుండి తీరవలసిన పుటలు కొన్ని యుండును. వానికి బల్లపై చోటు చాలినంతవరకు స్వాప్ మేలుచేయును. చాలనిచో బీరువా ఎంత పెద్దదైనను ప్రయోజనము లేదు.

ఫిన్లండునందలి హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను వెలువరించెను. ఆ సంవత్సరము క్రిస్మస్ దినములలోనే పుటలను డిస్కునకు పంపు ఏర్పాటును దానికి చేర్చెను. ఇందుకు ప్రేరణ యొక పేద యంత్రమే. జర్మనీ దేశమున లినక్స్‌ను వాడుచున్న యొకని కంప్యూటరులో 2 ఎంబీ స్మృతి మాత్రమే యుండుటచే, లినక్స్‌ను తానుగ కంపైలు చేసికొనుట కది చాలలేదు. అతని ఇబ్బందిని తీర్చుటకే ఆ పనికి పూనుకొంటినని టోర్వాల్డ్స్ తరువాత చెప్పెను. 1992 జనవరిలో వెలువడిన 0.12వ కూర్పుతో ఆ సదుపాయ మందరికిని లభించినది.

ఒకే యంత్రమునకు స్వాప్ తావులు రెండు మూడుండవచ్చును. వాని వేగము లొక్కటి కావు. అందుచే 1995 నాటి కూర్పులనుండి తావునకు ప్రాధాన్యపు సంఖ్య నిచ్చు పద్ధతి ఏర్పడినది. స్వాపాన్ అను ఆజ్ఞతో 0 మొదలు 32,767 వరకు ఏ సంఖ్యనైనను ఈయవచ్చును. పెద్ద సంఖ్య గల తావు ముందు నిండును; అది నిండిన పిదపనే తరువాతి దానికి వంతు వచ్చును. సంఖ్యలు సమానమైనచో పుటలు వంతులవారీగ రెండింటికిని పోవును. సమవేగము గల రెండు వేర్వేరు డిస్కులకు ఇది మంచిదే. ఒకే హార్డు డిస్కులోని రెండు భాగములకు సమాన సంఖ్య నిచ్చుట మాత్రము, ఒక్క కాడి ఎడ్లతో దూరదూరముననున్న రెండు చేలను చాలు చాలుకు మారి దున్నబోవుట వంటిది. చదువు ముల్లు అటునిటు పరుగిడుటతోనే కాలము గడచును.

సంఖ్య నీయకున్న నేమగును? పాత యంత్రములలో సాధారణముగ నుండు లినక్స్ కూర్పులలో, ముందు జతచేసిన తావే ముందు నిండును. పాత హార్డు డిస్కుపై స్వాప్ ఉండగా, తరువాత వేగము గల ఎస్.ఎస్.డి.ని కొని తెచ్చి దానిపై మరియొక స్వాప్ చేర్చినవారు, ప్రాధాన్యము సవరింపనిచో, పాతది నిండువరకు క్రొత్తదాని ఫలము పొందజాలరు.

2014లో వెలువడిన 3.14వ కూర్పునుండి జడ్‌ర్యామ్ అను మరియొక సాధనము లినక్స్ ప్రధానాంగములలో చేరినది. నితిన్ గుప్తా కంప్‌కాష్ అను పేర ఆరంభించిన పనికి ఇది పరిణామము. ఇది పుటలను డిస్కునకు పంపక, కుదించి స్మృతిలోనే ఒక మూల దాచును. అది కొంత స్మృతిని తానును వాడుకొనును. కాని హార్డు డిస్కుకంటె ఎన్నో రెట్లు వేగిరము. కావున పాత యంత్రమున జడ్‌ర్యామ్‌నకు 100, ఎస్.ఎస్.డి.కి 10, హార్డు డిస్కునకు 5 చొప్పున సంఖ్యల నిచ్చుట యుక్తము. ఈ అంకెలలో విశేషము లేదు. వాని వరుసయే ముఖ్యము. వరుస సరిగ నున్నదో లేదో స్వాపాన్ ఆజ్ఞకు షో అను మాటను చేర్చి చూచుకొనవచ్చును.

ఇంకొక సంగతి గమనింపదగినది. ప్రాధాన్యము పుట బయటకు పోవునపుడు మాత్రమే లెక్కకు వచ్చును. ఒకసారి హార్డు డిస్కున కేగిన పుట, వేగపు తావు ఖాళీయైనంతమాత్రమున తనంతట నచటికి మారదు. ఎన్నడును తాకని పుటలు జడ్‌ర్యామ్‌ను ఆక్రమించుకొనగా, నిత్యము కావలసినవి నెమ్మది డిస్కు పాలగుటయు కలదు. అట్టియెడ పనులను కొన్నింటిని ముగించుటయే మేలు.

ప్రాధాన్యములు సవరించుటచే పాత యంత్రము క్రొత్తది కాదు. డెనింగ్ చూపిన హద్దు దానికిని వర్తించును; సాధ్యమైనచోట కొంత ర్యామ్ కొని చేర్చుటయే ఉత్తమము. కాని కొనుటకు ధనము లేనిచోట, ఈ సవరణకు పావలా ఖర్చు లేదు. పారవేయదలచిన కంప్యూటరొకటి మరి రెండు మూడేండ్లు మన పిల్లల దరఖాస్తులకును పాఠములకును ఉపకరించినచో, ఈ రజతోత్సవ వత్సరమున గ్రంథాలయమునకు అదియు నొక కానుకయే యగును.