అనాబ్-ఎ-షాహీ: వైన్‌కు అందని హైదరాబాద్ ద్రాక్ష

హైదరాబాద్ ద్రాక్ష అంటే ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీయే. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ దీన్ని నగరానికి తెచ్చారని ఉద్యాన శాస్త్ర గ్రంథాలు చెబుతాయి. పందిళ్లపై విరగకాసే ఈ తెల్ల ద్రాక్ష గుత్తి పెద్దది, పండు నిండా నీరే. తినడానికి ఇంపే కానీ వైన్‌కు చాలదు. వైన్ ద్రాక్ష రసంలో చక్కెర సాధారణంగా 20 శాతం దాటాలి. ఇందులో 15 శాతం దగ్గరే ఆగిపోతుంది. కాపు తగ్గిస్తేనే రుచి చిక్కబడుతుంది. తూకం లెక్కన అమ్ముకునే రైతుకు అది నష్టమే.

నాసిక్ రైతులు షెనిన్ బ్లాంక్, షిరాజ్ వంటి వైన్ రకాలు వేశారు. దక్కన్ ఎండల్లో తీగకు శీతాకాలపు నిద్ర ఉండదు. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం రెండుసార్లు కత్తిరించాలి. హైదరాబాద్ శివార్లలో ఆ మార్పుకు వ్యవధే దొరకలేదు. బోర్లు ఎండాయి, మేడ్చల్ వైపు తోటలు చాలావరకు ప్లాట్లయ్యాయి.