ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన కొత్త ఇళ్ల కోసం ఆస్ట్రియాకు చెందిన ఆర్కిటెక్ట్ మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ 1926లో రూపొందించిన చిన్న వంటగదికి ఈ పేరు స్థిరపడింది. ఇప్పుడు మాడ్యులర్ కిచెన్ పేరుతో అపార్టుమెంట్లలో బిగిస్తున్న అరలకూ సొరుగులకూ ఇది తాతమ్మ. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.44 మీటర్లు. అడుగుల్లో చెప్పాలంటే ఆరుంబావుకు పదకొండుంబావు, వైశాల్యం దాదాపు 70 చదరపు అడుగులు. ఆ కాస్త చోటు గురించి వందేళ్లుగా వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ నగరాల్లో ఇళ్ల కరువు భయంకరంగా ఉండేది. వంట, భోజనం, స్నానం, నిద్ర అన్నీ ఒకే గదిలో కానిచ్చే కార్మిక కుటుంబాలు లెక్కలేనన్ని. ద్రవ్యోల్బణంలో ఇళ్ల యజమానుల పాత అప్పులు ఆవిరైపోవడంతో, ప్రభుత్వం 1924లో ఆ లాభం మీద పన్ను వేసి, వచ్చిన సొమ్ములో కొంత గృహనిర్మాణానికి మళ్లించింది. మరుసటి ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ నిర్మాణ శాఖ బాధ్యతలు చేపట్టిన ఎర్నస్ట్ మే అయిదారేళ్లలో పన్నెండు వేలకు పైగా ఇళ్లు కట్టించాడు. అద్దె కార్మికుడికి అందాలంటే ఇల్లు చిన్నది కాక తప్పదు. చిన్న ఇంట్లో తాతల నాటి బరువైన బీరువాలు పట్టవు. అందుకే సామాను కూడా ఇంటితోపాటే, గోడలకు బిగించి ఇవ్వాలని నిర్ణయించారు. వంటగది ఖర్చు అద్దెలో కలిసిపోయింది. మనిషి బతకడానికి కనీసం ఎంత ఇల్లు కావాలన్న ప్రశ్న మీదే 1929లో ఆధునిక ఆర్కిటెక్టుల అంతర్జాతీయ మహాసభ ఇదే ఊళ్లో జరిగింది.

మే పిలుపుతో వియన్నా నుంచి వచ్చేనాటికి లిహోట్స్కీ వయసు 29. ఆస్ట్రియాలో ఆర్కిటెక్చర్ చదివిన తొలితరం మహిళల్లో ఒకరు, ఆర్కిటెక్ట్ అడాల్ఫ్ లోస్‌తో కలిసి పేదల ఇళ్ల పథకాల్లో పనిచేసినవారు. వంటింటి పనిని ఫ్యాక్టరీ పనిలా కొలవడమనే ఆలోచన మాత్రం అమెరికాది. క్యాథరిన్ బీచర్ 1869లోనే, చెల్లెలు హ్యారియెట్ బీచర్ స్టోతో కలిసి రాసిన పుస్తకంలో, ఓడలోని వంటగదిని చూసి నేర్చుకోమంది. క్రిస్టీన్ ఫ్రెడరిక్ 1910లలో ఇల్లాలి అడుగులు లెక్కపెట్టి బొమ్మలు గీసింది. ఆమె పుస్తకం 1920ల మొదట్లో జర్మన్‌లోకి వచ్చింది. లిహోట్స్కీ దాన్ని చదివారు, గడియారం పట్టుకుని పనులకు పట్టే సమయం కొలిచారు. రైళ్లలోని భోజనశాల పెట్టెలనూ పరిశీలించారు. ఇరుకు వంటగదిలోంచి అంతమందికి భోజనం ఎలా వస్తోందన్నది ఆమె ఆసక్తి.

గది ఒక చివర కిటికీ, దాని కింద కూరలు తరిగే బల్ల. బల్ల ముందు ఎత్తు సవరించుకోగల తిరుగుడు స్టూలు. కూర్చుని చేయగల పని నిలబడి ఎందుకు చేయాలన్నది ఆమె వాదన. తొక్కలూ తొడిమలూ బల్లలోని కంతలోంచి కింది సొరుగులో పడతాయి, సొరుగు లాగి పారబోయడమే. పక్కన సింకు, దాని మీద కడిగిన పళ్లేలు ఆరే చట్రం. ఎదురుగోడ వైపు పొయ్యి. పొద్దున ఉడుకు పట్టించిన గిన్నె పెడితే తన వేడికే మధ్యాహ్నానికి ఉడికిపోయే పెట్టె కూడా ఉంది, ఉద్యోగానికి వెళ్లే ఆడవాళ్ల కోసం. గోడకు మడిచే ఇస్త్రీ బల్ల, కప్పు మీది పట్టాల వెంట కావలసిన చోటికి జరిగే దీపం. పిండికి ఓక్ చెక్క పెట్టెలు, పురుగు పట్టదని. తరిగే చోట మరక అంటని బీచ్ చెక్క. అల్మరాలకు నీలం కలిసిన పచ్చరంగు వేయడానికీ ఒక కారణం చెప్పారు: ఆ రంగు మీద ఈగలు వాలవట!

అన్నిటికన్నా పేరు తెచ్చుకున్నవి అల్యూమినియం సొరుగులు. వరుసగా ఒక్కోదాని మీద చక్కెర, బియ్యం, పప్పు అని అచ్చువేసిన పేర్లు, ముందు పిడి, మూల ధార. సొరుగు ఊడదీసి నేరుగా గిన్నెలోకి ఒంపుకోవచ్చు. చూడముచ్చటైన వస్తువే. అయితే ఏ అరలో ఏది ఉండాలో నగరపాలక సంస్థే నిర్ణయించడం ఎంతవరకు సబబన్న ప్రశ్న వచ్చింది. ఆ సొరుగుల్లో కొన్ని పసిపిల్లల చేతికందే ఎత్తులో ఉన్నాయి కూడా. మన పోపుల పెట్టె మీద ఎవరూ పేర్లు రాయరు. ఆవాలెక్కడో జీలకర్రెక్కడో ఆ ఇంటి చేతికి తెలుసు.

దాదాపు పదివేల ఇళ్లలో ఈ వంటగదులు బిగించారు. చేరినవాళ్లంతా మురిసిపోలేదు. చలిదేశంలో పొయ్యి వెలిగే గదే ఇంటికి వెచ్చని చోటు, నలుగురూ కూర్చునేది అక్కడే. దాన్ని ఒక్కసారిగా విడదీస్తే అలవాటు ఊరుకుంటుందా? కొందరు ఆ ఇరుకులోనే భోజనాల బల్ల ఇరికించే ప్రయత్నం చేశారు. పూర్తిగా విద్యుత్తుతో నడిచే రోమర్‌స్టాడ్ కాలనీలో కరెంటు బిల్లుల మీద ఫిర్యాదులొచ్చాయి. భోజనాల గదిలోకి పక్కకు జరిగే తలుపు పెట్టి, పొయ్యికీ బల్లకీ మధ్య దూరాన్ని మూడు మీటర్లకు మించనివ్వలేదు లిహోట్స్కీ. తలుపు తెరిస్తే ఆడుకునే పిల్లలు కనిపిస్తారని ఆమె లెక్క. వాసనలు రాకుండా తలుపు మూస్తే తల్లి ఒంటరి. మ్యూనిక్‌లో 1928లో వచ్చిన మరో నమూనా దీనికే జవాబు: వంటగదికీ కూర్చునే గదికీ మధ్య అద్దాల గోడ పెట్టారు.

1970లలో స్త్రీవాదులు ఈ వంటగదిని గట్టిగా తప్పుపట్టారు. ఆడవాళ్ల శ్రమ తగ్గించే పేరుతో వాళ్లను ఒక మూల బంధించిందన్నారు. ఈ విమర్శలో నిజం ఉంది, కానీ తప్పు ఇరుకుది కాదు, వంట ఒక్కరి పనే అన్న లెక్కది. ఒక పనిమనిషి ఉన్న ఇంటికి, ఇద్దరున్న ఇంటికి కాస్త పెద్ద నమూనాలు కూడా లిహోట్స్కీ గీశారు. ఎక్కువగా కట్టింది మాత్రం పనిమనిషి లేని ఇంటి నమూనానే. అంటే వేల ఇళ్లలో వంట ఒక్కరి పని అని గోడలే తేల్చేశాయి. రెండు వైపులా గట్లు పోగా మధ్యలో మిగిలింది ఒక మనిషి తిరిగే దారి. భర్త సాయం చేద్దామని లోపలికొస్తే భార్య బయటికి రావాల్సిందే.

విచిత్రమేమిటంటే, స్త్రీ కాబట్టి వంటగది ఆమెకే బాగా తెలుసని ఊరంతా మెచ్చుకున్న లిహోట్స్కీకి వంట రాదు. అప్పటిదాకా ఇల్లు నడిపిన అనుభవం కూడా లేదని తర్వాత ఆమే చెప్పారు. 1930లో మే బృందంతో సోవియట్ యూనియన్ వెళ్లి కొత్త నగరాల్లో పిల్లల బడులూ శిశుశాలలూ గీశారు. ఆ తర్వాత ఇస్తాంబుల్. నాజీ వ్యతిరేక పోరాటం కోసం వియన్నాకు తిరిగొచ్చి 1941 జనవరిలో పట్టుబడ్డారు. 15 ఏళ్ల శిక్ష పడింది, 1945లో అమెరికా సేనలు వచ్చేదాకా బవేరియాలో జైల్లోనే ఉన్నారు. ఇంత బతుకు బతికిన తనను ఎవరు కదిపినా ఆ ఒక్క వంటగది గురించే అడుగుతారని ముసలితనంలో విసుక్కునేవారు.

యుద్ధం తర్వాత స్వీడన్ పరిశోధకులు వంటింటి కొలతలకు ప్రమాణాలు పెట్టారు. విడి భాగాలుగా తయారైన అరలు ఐరోపా అంతటా, తర్వాత ప్రపంచమంతటా అమ్ముడయ్యాయి. తెలుగు ఇళ్లలోనూ ఈ మార్పు కనిపిస్తుంది. నేల మీద పొయ్యి, కత్తిపీట ముందు కూర్చునే అమ్మమ్మ పోయి, గ్యాస్ పొయ్యికి గట్టు వచ్చింది, గట్టు కింద సొరుగులు వచ్చాయి. పొయ్యి ఎక్కడుండాలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అడుగుల లెక్క చెప్పింది, ఇక్కడ ఇప్పటికీ ఆగ్నేయం చెబుతుంది. ఈ వలసలో దారితప్పినది ఆ స్టూలు. సొరుగులన్నీ తెచ్చుకున్నాం, కూర్చునే వీలు మాత్రం వదిలేశాం. కత్తిపీట ముందు కూర్చుని తరిగిన కూరలే ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో నిలబడి తరుగుతున్నారు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1960, 70లలో చాలామంది ఈ వంటగదులు పీకి చెత్తలో వేశారు. మిగిలిన వాటిలో ఒకదాన్ని న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 2009లో సేకరించి, తర్వాతి ఏడాది ప్రదర్శనకు పెట్టింది. వియన్నాలోని అనువర్తిత కళల మ్యూజియంలో నకలు ఉంది. లిహోట్స్కీ 2000 జనవరి 18న, 103వ పుట్టినరోజుకు అయిదు రోజుల ముందు వియన్నాలో కన్నుమూశారు. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లేవారు రోమర్‌స్టాడ్ కాలనీలో ఎర్నస్ట్ మే పేరిట మ్యూజియంగా ఉంచిన ఇంట్లో, అది పుట్టిన ఊళ్లోనే, ఆ వంటగదిలో నిలబడి చూడవచ్చు.