బెరయ దారిలో ఒక గాలం



ధ్యానభాగం: అపొస్తలుల కార్యములు 17:10-12, యాకోబు 1:14

నాగావళి, వంశధార ఒడ్డున పెరిగిన మనకు గాలం కొత్త కాదు. వానపామునో పిండిముద్దనో ముల్లుకు గుచ్చి నీటిలో వేస్తాం. చేప నిజంగా తినే వస్తువే అక్కడ ఉంటుంది. అయితే తినడానికి ఏమీ లేని గాలం కూడా ఒకటుంది. ముల్లుకు దారం, ఈక చుట్టి పురుగులా కనబడేట్టు చేస్తారు. దాని చరిత్రలో పాత ఆనవాలు ఒకటి మనం బైబిల్లో చదివే ఊళ్ళ దగ్గరే దొరుకుతుంది.

క్రీ.శ. 200 ప్రాంతంలో ఈలియన్ అనే రోమా రచయిత జంతువుల గురించి గ్రీకు భాషలో ఒక గ్రంథం రాశాడు. మాసిదోనియలో బెరయకూ థెస్సలొనీకకూ మధ్య పారే అస్ట్రేయస్ అనే ఏటి సంగతి అందులో ఉంది. ఆ ఏటిలో ఒంటి మీద చుక్కలున్న చేపలు నీటిమీద వాలే ఒక రకం ఈగలను తినేవి. ఆ ఈగను పట్టి గాలానికి గుచ్చుదామంటే, చెయ్యి తగలగానే దాని రంగు పోయి రెక్కలు వాడిపోయేవి. అందుకని జాలరులు ముల్లుకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ దగ్గరి ఈకలు రెండు కట్టేవారు. చేప ఆ రంగు చూసి నోరు తెరిచేది. అవి ట్రౌట్ జాతి చేపలని చాలామంది పండితులు అనుకుంటారు.

ట్రౌట్‌కు చల్లని నీరు కావాలి, మన నదుల్లో బతకదు. మన జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1860లలో ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు దాన్ని నీలగిరులకు తేవాలని చూశాడు, కుదరలేదు. తర్వాత 1907లో అవలాంచి దగ్గర ట్రౌట్ పిల్లల్ని పెంచే కేంద్రం వెలిసింది.

ట్రౌట్‌కు ఇష్టమైన ఆహారాల్లో క్యాడిస్ అనే పురుగు ఒకటి. అది నోటి నుండి పట్టుదారం తీసి, ఇసుక రేణువులను అతికించి, తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూటిని రాయికి అంటించి, మూసుకుని, లోపల ప్యూపాగా మారుతుంది. రెక్కలు సిద్ధమయ్యాక గూడు కొరికి పైకి ఈదుతుంది. ఆ కాసేపు దానికి ఏ అండా ఉండదు. ట్రౌట్ కాచుకునేది అప్పుడే. అమెరికాలో గ్యారీ లాఫాంటెయిన్ అనే ఆయన నది అడుగుకు దిగి ఈ పురుగులను గమనించాడు. ప్యూపా చుట్టూ గాలి బుడగలాంటి మెరుపు చూసి, ఆ మెరుపు కోసం తివాచీల్లో వాడే మెరిసే పోగును గాలానికి చుట్టాడు. 1981లో దీనిపై పుస్తకం రాశాడు.

ఈ గాలం కట్టేవారు ముందు బరువు కోసం ముల్లుకు సన్నని తీగ చుడతారు. దానిమీద బొచ్చుతో పొట్ట, పైన వదులుగా ఆ పోగు, మెడ దగ్గర కౌజుపిట్ట ఈక కట్టి ముడివేస్తారు. నీటిలో అడుగుకు దిగనిచ్చి, మెల్లగా కర్ర ఎత్తుతారు. పురుగు పైకి ఈదుతున్నట్టే ఉంటుంది.

ప్రియులారా, కట్టేవాడు ముందుగా తెలుసుకునేది చేప ఆకలిని. దాన్ని బట్టే ఎర రూపం. మనిషి తన దురాశ చేత ఎలా పడిపోతాడో యాకోబు చెప్పిన చోట, గ్రీకు మూలంలో ఉన్న మాటకు ఎర చూపి లాగడం అని అర్థం.

మన పల్లెల ఆకలి ఉద్యోగం. పని వెతుక్కుంటూ ఊరు విడవడం మనకు తరతరాల కథ. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన ప్రాంతపు యువకులను కంబోడియాకు పంపారు. అక్కడ వారిచేత బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. గాలానికి చిక్కినవారి చేతికే మరో గాలం ఇచ్చారు! ఆ పిల్లలను అత్యాశపరులని నిందించకూడదు. ఇంటి అప్పు తీర్చాలనుకోవడం పాపం కాదు. ఆ ఆకలిని చదివి ఎర కట్టినవాడిదే పాపం.

ఇప్పుడు ఆ ఏటి దగ్గరికి మళ్ళీ వెళ్దాం. థెస్సలొనీకలో అల్లరి లేచినప్పుడు సహోదరులు పౌలును రాత్రివేళ బెరయకు పంపించారు. బెరయవారు వాక్యాన్ని ఆసక్తితో అంగీకరించారు, అయినా పౌలు చెప్పినవి అలాగే ఉన్నాయో లేవో ప్రతిదినం లేఖనాల్లో పరిశీలించారు. అపొస్తలుని మాటనే పరిశీలించినవారిని దేవుని వాక్యం ఘనులని మెచ్చుకుంటే, ఫోనులో వచ్చిన ఏజెంటు మాటను పరిశీలించడానికి మనకు మొహమాటమెందుకు?

విదేశీ ఉద్యోగమంటే ఆ ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. టూరిస్టు వీసా మీద పనికి పంపుతానంటే ఆగండి. డబ్బు కట్టకముందే సంఘంలో పెద్దలతో చెప్పండి. ఏటిలో చేపకు అడగడానికి ఎవరూ లేరు. మనకు ఒకరికొకరం ఉన్నాం.

మన పిల్లల ఆకలి ఎరిగిన తండ్రి, చేపను అడిగితే పామునివ్వని తండ్రి, వారిని కాపాడును గాక. ఆమేన్.