ఆరోగ్యవంతునికి పరీక్ష

రోగి వైద్యుని కడకు పోవుట లోకసహజము. ఏ రోగమును లేనివాడు వైద్యుని కడకు పోయి, తన దేహమునుండి ఒక మూత్రపిండమును తీసి తనవారికి అమర్చుమని కోరుట మాత్రము వైద్యచరిత్రలో నిండుగా ఎనుబది యేండ్లయినను గడవని సంగతి. అట్టివానిని వైద్యులు వెంటనే శస్త్రచికిత్సకు కొనిపోరు. నెత్తురు తీయుదురు, ఇరువదినాలుగు గంటల మూత్రమును పట్టి తెమ్మందురు, గుండెను, ఊపిరితిత్తులను చూతురు, తుదకు ఏకాంతమున కూర్చుండబెట్టి ప్రశ్నింతురు. అవతల మంచముపై మనిషి ప్రాణాపాయమున నుండగా ఇన్ని పరీక్షలేల యని విసుగుకొనువారు కలరు. ఈ పరీక్షలు ఎట్లు పుట్టినవో తెలిసినచో ఆ విసుగు కొంత తగ్గునని మా తలంపు.

1952వ సంవత్సరము క్రిస్మసునాటి రాత్రి పారిస్ నగరమందలి నెకర్ ఆసుపత్రిలో ఒక తల్లి తన మూత్రపిండమును కుమారునకిచ్చెను. ఆ బాలుడు పదునారేండ్ల వడ్రంగి పనివాడు. ఎత్తునుండి పడగా అతని కుడి మూత్రపిండము చితికినది. దానిని తీసివేసిన పిమ్మట తెలిసినదేమనగా, అతనికి పుట్టుకతో ఉన్నది ఆ ఒక్కటియే! జాన్ అంబుర్జే అను వైద్యుని బృందము తల్లి మూత్రపిండమును అమర్చగా అది చక్కగా పనిచేసెను. కాని మూడు వారములు గడచిన పిదప బాలుని శరీరము దానిని పరాయివస్తువుగా నెంచి త్రోసిపుచ్చెను. 1953 జనవరిలో అతడు మరణించెను. తల్లి నెత్తురు బిడ్డకు సరిపడునా యని చూచుటకు అప్పటికి సాధనములు కలవు. రక్తవర్గములను 1901 నాటికే లాండ్‌స్టైనరు కనిపెట్టియుండెను. తల్లి మాంసము బిడ్డకు సరిపడునా యని ముందుగా చెప్పగల పరీక్ష మాత్రము నాడు ఏ వైద్యుని చేతిలోను లేదు.

రెండేండ్లకు అమెరికాలోని బోస్టను నగరమున ఇంకొక జంట వచ్చెను. రిచర్డు హెరిక్, రోనాల్డు హెరిక్ అను వారిరువురు ఇరువదిమూడేండ్ల కవలలు. రిచర్డు మూత్రపిండములు రెండును చెడినవి. ఒకే అండమునుండి పుట్టిన కవలలకు ఒకరి చర్మము మరొకరికి అతుకునని శస్త్రవైద్యులు అంతకుముందే ఎరిగియుండిరి. రెండవ ప్రపంచయుద్ధములో ఒడలు కాలిన సైనికులకు చర్మము అతికిన అనుభవము కలవాడు జోసెఫ్ మరే. వీరు నిజముగా అట్టి కవలలేనా? పోలికను చూచి నమ్ముటకు వీలులేదు. అందుచేత రోనాల్డు చర్మమునుండి చిన్న ముక్కను తీసి రిచర్డునకు అతికి, వారములకొలది కాచుకొనియుండిరి. అది నిలిచినది. అంతటితో తృప్తినొందక, అన్నదమ్ముల వ్రేలిముద్రలను పోల్చి చూచుటకై వారిని పోలీసువారి కడకు పంపిరి. ఆసుపత్రి రహస్యము పత్రికలవారికి పొక్కినది ఆ పోలీసు ఠాణానుండియే యట! పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రి వైద్యులు తలపెట్టినదేమో మరునాటికి ఊరందరికిని తెలిసినది.

ఇంతవరకు జరిగిన పరీక్షలన్నియు గ్రహీత మేలుకొరకే. రోనాల్డు మాట యేమి? అతనికి ఏ జబ్బును లేదు. కోత వలన అతని దేహమునకు కలుగు లాభము రవ్వంతయు లేదు. హాని చేయరాదని ప్రతిజ్ఞ పట్టిన వైద్యుడు అట్టివానిపై కత్తి యెత్తవచ్చునా? మరే బృందమువారు ఇతర వైద్యులను, న్యాయవాదులను, మతాచార్యులను సంప్రదించిరి. తుది సమావేశములో రోనాల్డు, ఇకమీద తన ఆరోగ్యభారమును జీవితాంతము ఆసుపత్రి వహించునా యని అడిగెను. అట్టి పూచీ ఉండదని హారిసన్ అను శస్త్రవైద్యుడు దాపరికము లేక చెప్పెను. చెప్పి, నీకు అవసరము కలిగిననాడు ఈ గదిలోనివారిలో ఎవరైనను కాదందురని నీకు తోచుచున్నదా యని తిరిగి ప్రశ్నించెను. రోనాల్డు కొంతసేపు ఊరకుండి, పిమ్మట సమ్మతించెను. శస్త్రచికిత్సకు ముందునాటి రాత్రి రిచర్డు అతనికి ఒక చీటీ పంపెను: ఇంటికి వెడలిపొమ్మని. తాను కదలనని రోనాల్డు బదులు పంపెను. డిసెంబరు 23వ తేదీన హారిసన్ తీసిన మూత్రపిండమును మరే అమర్చెను. రిచర్డు తనకు పరిచర్య చేసిన నర్సును పెండ్లాడి, ఇద్దరు బిడ్డలను కని, 1963లో మరణించెను. రోనాల్డు లెక్కల ఉపాధ్యాయుడై ఒక్క మూత్రపిండముతోనే 56 ఏండ్లు బ్రతికి 2010లో కన్నుమూసెను. మరేకు 1990లో నోబెలు బహుమానము వచ్చెను.

రోనాల్డు పెద్దవాడు, తన మాట తాను చెప్పుకొనగలడు. 1957లో అదే రాష్ట్రమున పందొమ్మిదేండ్ల కవలల విషయము న్యాయస్థానమునకెక్కినది. నాటి చట్టము ప్రకారము వారు మైనరులు. మైనరు దేహమునుండి అతని మేలుకొరకు కాక వేరొకరి మేలుకొరకు అవయవమును తీయుటకు తల్లిదండ్రుల అనుమతి చాలునా? మానసిక వైద్యుడు ఆ బాలుని పరీక్షించెను. సోదరుడు చనిపోయినచో ఇతనికి తీరని మనోవ్యథ కలుగును గనుక ఈ దానము ఇతనికిని మేలేయని న్యాయమూర్తి తీర్పునిచ్చెను. ఆ తర్కము కొంత సాగదీసినట్లు మాకు తోచుచున్నది. అయినను దాత మనస్సుకూడ పరీక్షింపవలసినదే యను మాట దీనితో న్యాయస్థానము దాక పోయినది.

కవలలు అందరి యిండ్లలోను ఉండరు. 1958లో పారిస్‌లో జాన్ డౌసే తెల్లరక్తకణములపైనుండు గుర్తులలో మొదటిదానిని కనిపెట్టెను. నేడు హెచ్.ఎల్.ఏ. పరీక్ష యనునది వానిని పోల్చుటయే. తల్లిదండ్రుల గుర్తులలో సగము బిడ్డకు వచ్చును; ఒక కడుపున పుట్టినవారిలో ఇద్దరికి పూర్తిగా కలియుటకు నాలుగింట ఒక వంతు అవకాశము. ఇదియు చాలదని 1969లో తేలినది. ఆ యేట పటేల్, టెరసాకి అనువారు గ్రహీత నెత్తుటి సీరమును దాత తెల్లకణములతో కలిపి చూచిన ఫలితములను ప్రకటించిరి. కణములు చచ్చిన 30 సందర్భములలో 24 మూత్రపిండములు అమర్చినవెంటనే చెడినవి. దీనికే క్రాస్‌మ్యాచ్ అని పేరు. అన్ని పరీక్షలును ముగిసినను, శస్త్రచికిత్సకు ముందు మరల నెత్తురు తీయుట దీనికొరకే.

దాతను కాపాడు పరీక్షలు వేరు. ఇరువదినాలుగు గంటల మూత్రము, క్రియాటినిన్ లెక్క, రక్తపుపోటు, చక్కెర: ఇవన్నియు మిగులు ఒక్క మూత్రపిండము జీవితాంతము బరువు మోయగలదా యని చూచుటకే. పిమ్మట రక్తనాళములకు మందెక్కించి చిత్రములు తీయుదురు. ఎడమ మూత్రపిండపు సిర పొడవైనది గనుక సాధారణముగా దానినే కోరుదురు. రెండింటిలో హెచ్చుతగ్గులున్నచో మేలైనది దాతకే విడువవలెనని నియమము. 2010లో ప్రకటితమైన అమెరికా పరిశీలనలో, శస్త్రచికిత్స జరిగిన మూడు నెలలలోగా మరణించిన దాతలు 10,000కు సుమారు ముగ్గురు. ఆ ముగ్గురు కూడ ఇంటినుండి ఆరోగ్యముతో నడచివచ్చినవారే.

మన దేశమున వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లో ఈ చికిత్స సఫలమయ్యెను. తరువాత బీదల మూత్రపిండములు అంగడి సరుకైన చరిత్ర మనకు తెలియనిది కాదు. 1994 చట్టము ఆ అమ్మకమును నేరముగా నిర్ణయించెను. నాటినుండి బంధుత్వమును రుజువు చేయుట పరీక్షలలో చేరినది. మాంసము కలియునా యని కనిపెట్టిన హెచ్.ఎల్.ఏ. పరీక్షనే, వీరు నిజముగా అన్నదమ్ములా యని తేల్చుటకు సాక్ష్యముగా వాడిరి. బోస్టనులో వ్రేలిముద్రలు చేసిన పని వంటిదే ఇది.

మన దేశమున బ్రతికియుండి మూత్రపిండమునిచ్చువారిలో స్త్రీలే అధికము, తల్లులు, భార్యలు. ఇత్తునని అందరియెదుట చెప్పిన ఆమె, అత్తమామలు లేనిచోట ఏమి చెప్పునో విచారింపవలసియున్నది. కనుకనే ఆమెను ఒంటరిగా పిలిచి మాటలాడుదురు. అంగీకారమును ఏ క్షణమునైనను ఉపసంహరించుకొనవచ్చునని చెప్పుదురు. తనకు ఇష్టము లేదని ఆమె అచ్చట చెప్పినచో, ఆ మాట గది దాటి రానీయని వైద్యులు పెక్కు దేశములలో కలరు. వారు వెలుపలికి వచ్చి, బయట కాచుకొనియున్న బంధువులతో, ఈమె మూత్రపిండము పనికిరాదని మాత్రము చెప్పుదురు.