సొంత అడవులుండగా కొన్న కలప



ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా రిజిస్టర్లు రాసినవాణ్ణి. అంకె కనబడితే దాని వెనుక కారణం వెదకడం నాకు అలవాటు. 2021లో డల్లాస్ దగ్గర ఇల్లు కట్టుకుంటున్న మా అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, కలప రేటు పెరిగిందని కంట్రాక్టరు అదనంగా అడుగుతున్నాడు" అన్నాడు. అక్కడ ఇంటి గోడల చట్రం కూడా కలపే. అన్ని అడవులున్న దేశానికి ఈ ఇబ్బంది ఏమిటని చదవడం మొదలుపెడితే, జపాన్ కథ కూడా తెలిసింది.

ఈ కలప మన టేకు, మద్ది వంటిది కాదు. పైన్, ఫర్, స్ప్రూస్ వంటి సూదుల్లాంటి ఆకులున్న చెట్ల మెత్తని కలప.

జపాన్ భూభాగంలో మూడింట రెండు వంతులు అడవే. యుద్ధకాలంలో విపరీతంగా నరికేశారు. యుద్ధం తరువాత పల్లెవాసులు కొండకొండకూ సుగి, హినోకి మొక్కలు నాటారు. అవి ఎదగడానికి నలభై, యాభై ఏళ్లు పడుతుంది. ఇళ్లకు మాత్రం అప్పుడే కలప కావాలి. 1964 నాటికి కలప దిగుమతులపై ఆంక్షలు పూర్తిగా ఎత్తివేశారు. 1955లో ఆ దేశపు కలప అవసరాల్లో నూటికి తొంభైకి పైగా సొంత అడవులే తీర్చేవి. 2002 నాటికి అది 19 లోపుకు పడిపోయింది. తాతలు నాటిన చెట్లు చేతికొచ్చేసరికి విదేశీ కలప బజారులో స్థిరపడిపోయింది. పల్లెల్లో యువకులు లేరు, నరికించే కూలి గిట్టలేదు. కొత్త ఇళ్లు కూడా 1973లో సుమారు 19 లక్షలుండగా, 2009లో 8 లక్షల లోపే. దిగుమతులు తగ్గి, 2020లో సొంత కలప వాటా మళ్లీ 40 శాతం దాటింది.

అమెరికా కథ వేరు. 1990ల మధ్యలో అది వాడే మెత్తని కలపలో మూడో వంతు కెనడాదే. కెనడా అడవుల్లో అత్యధిక భాగం ప్రభుత్వానివి. నిలబడి ఉన్న చెట్టుకు ప్రభుత్వం తక్కువ ధర కట్టడం రాయితీయేనని అమెరికా మిల్లుల వారు 1982 నుంచి ఫిర్యాదు చేస్తూ వచ్చారు. 1986, 1996, 2006లలో ఒప్పందాలు జరిగాయి. 1996 ఒప్పందం ప్రకారం ఏటా 1,470 కోట్ల బోర్డు అడుగుల వరకు రుసుము లేదు. బోర్డు అడుగంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. 2017లో మళ్లీ సుంకాలు వేశారు. 2025లో ఇంకా పెంచారు.

అయినా దిగుమతిని ఎక్కువగా శాసించింది ఇళ్ల గిరాకీయే. అమెరికాలో 2005లో 20 లక్షలకు పైగా ఇళ్లు మొదలయ్యాయి. 2009లో సుమారు 5 లక్షల 54 వేలు. కెనడా నుంచి వచ్చే కలప కూడా సగానికి పైగా పడిపోయింది. తిరిగి 2021 మే నెలలో ఇళ్ల గిరాకీ పెరిగి, వెయ్యి బోర్డు అడుగుల వాయిదా ధర 1,600 డాలర్లు దాటింది. ఆ వేసవిలోనే సగానికి పైగా దిగింది. మా వాడు అప్పటికే అదనపు సొమ్ము కట్టేశాడు.

రెండు దేశాలకూ చెట్లు కొరవడి కాదు దిగుమతి. జపానుకు చెట్టు వయసు, కూలి ఖర్చు అడ్డం వచ్చాయి. అమెరికాకు ఇళ్ల గిరాకీ, పొరుగువాడి చెట్టు ధర ముఖ్యమయ్యాయి. మన రిజిస్టర్లలో చివర 'రిమార్కులు' అని ఒక గడి ఉండేది, గుర్తుందా? చాలామంది ఖాళీగా వదిలేసేవారు. దిగుమతి లెక్కలు చదివేటప్పుడు ఆ గడి నింపుకుని చదవాలి. లేకపోతే నాటిన తాత కష్టమూ, అప్పు కట్టే కొడుకు కష్టమూ మనకు కనబడవు.