చలికాలానికి వెలిసే ఊరు

అమెరికాలో ఆరిజోనా ఎడారి నడుమ క్వార్ట్‌సైట్ అని ఒక ఊరుంది. 2020 జనాభా లెక్కల్లో తేలిన జనం 2,400 పైచిలుకు. మాచర్ల చుట్టుపక్కల ఓ మోస్తరు పల్లెలో అంతకంటే ఎక్కువమందే ఉంటారు. చలికాలం వచ్చేసరికి ఆ ఊరికి లక్షల్లో జనం దిగుతారు. అందులో ఎక్కువమంది ఉద్యోగాలు చాలించుకున్న ముసలి దంపతులు. మంచు కురిసే ఉత్తరాది రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి, మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ ఇమిడిన బండ్లు తోలుకుంటూ వస్తారు. ఎండ తగిలేచోట బండి ఆపి, గుడ్డ పందిరి లాగి, రెండు కుర్చీలు వేసుకుంటే ఇక వేసవి ముఖం పట్టేదాకా అదే ఇల్లు.

ఈ సంగతి విని నేను ముక్కున వేలేసుకోలేదు. డబ్బూ తీరికా ఉన్నవాళ్లు ఎక్కడైనా కూర్చోవచ్చు. నన్ను పట్టుకున్నది వేరే ముక్క. ఈ జాతర పెరిగింది రాళ్ల సంతతో! 1967లో ఆ ఊళ్లో రంగురాళ్లు, ఖనిజాల ప్రదర్శన ఒకటి మొదలుపెట్టారు. రాళ్ల పిచ్చి ఉన్నవాళ్లు ఏటా రావడం, వచ్చినవాళ్లు ఇంకో నాలుగు రోజులు ఉందామనుకోవడం, అలా ముదిరింది. బండ్ల ప్రదర్శన తర్వాతెప్పుడో 1980ల్లో వచ్చి చేరింది. 1983లో ప్రభుత్వ భూముల శాఖ దీనికో పద్ధతి పెట్టింది: సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఎడారిలో బండి నిలుపుకోవచ్చు, సీజనుకు ఇంత అని కట్టాలి. చాలా ఏళ్లు ఆ రుసుము 180 డాలర్లుండేది.

ఎండి బీటలువారిన నేల, రాళ్ల కోసం గుమిగూడే జనం, కాలం మారితే ఖాళీ అయిపోయే బస. పల్నాడు వాడికి ఇది వింటే తట్టే పేరు ఒకటే. కొల్లూరు.

బెల్లంకొండ దాటి కృష్ణ ఒడ్డుకు పోతే ఉండేది ఆ ఊరు. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వ్యాపారం చూసిన విలియం మెథ్‌వోల్డ్ అనే దొర అక్కడి వజ్రాల గని చూడబోయాడు. పనిలో ఉన్నవాళ్లే ముప్ఫైవేలమంది ఉంటారని అతడి అంచనా. గనిని గోల్కొండ సుల్తాను ఒక కంసాలికి గుత్తకిచ్చాడు, ఏడాదికి మూడు లక్షల వరహాలకు. ఒక్కటే షరతు: పది క్యారెట్లు దాటిన రాయి ఏది దొరికినా సుల్తానుదే. ఇరవై ఏళ్ల చిల్లర గడిచాక జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు వచ్చేనాటికి జనం అరవైవేలకు చేరారు. ఆడ, మగ, పిల్లాజెల్లా కలిపి. నేటి పల్నాడులో నరసరావుపేట, చిలకలూరిపేట లాంటి కొద్ది పట్టణాలను మినహాయిస్తే అంత జనం ఒక్కచోట కనపడరు.

గని బయటపడిన కథను టావెర్నియర్ అక్కడివాళ్ల నోట విని రాసుకున్నాడు. తను వచ్చేనాటికి వందేళ్ల కిందట ఒక పేదరైతు చిరుధాన్యం చల్లుకుందామని నేల తవ్వుతుంటే పాతిక క్యారెట్ల రాయి తగిలిందట. వింతగా ఉందని గోల్కొండకు పట్టుకుపోతే, అదృష్టం కొద్దీ మొదట కలిసినవాడే వజ్రాల బేరగాడు. ఆ ధాన్యం పేరు ఫ్రెంచాయన రాయలేదు. పల్నాటి చెలకలో చల్లేది జొన్న గాక ఇంకేముంటుంది? ఈ జొన్నకూటి మీదే శ్రీనాథుడు చాటువుల్లో అంత అక్కసు వెళ్లగక్కిందీను. సన్నన్నం దొరకని సీమ అని ఈసడించుకుని వెళ్లిన మహాకవి తిట్టిన నేలలోనే లోకమంతా కొట్టుకున్న రాళ్లున్నాయి. ఆయన మరో రెండు మూరలు తవ్వించి చూడాల్సింది.

పని మొదలుపెట్టిన తీరు టావెర్నియర్ చెబుతుంటే మన పొలాల్లో ఏరువాక చూస్తున్నట్టే ఉంటుంది. తవ్వబోయే చోటు పక్కనే అంత మేర నేల చదును చేసి, చుట్టూ రెండడుగుల ఎత్తున మట్టిగోడ పెట్టేవాళ్లు. గోడ అడుగున రెండేసి అడుగులకొక కన్నం, నీళ్లు పోవడానికి. అది అయ్యాక గుత్తదారు చుట్టపక్కాలతో సహా వచ్చి ఒక చిన్న రాతి విగ్రహాన్ని నిలబెట్టేవాడు. అందరూ మూడుసార్లు సాగిలపడేవాళ్లు. పూజారి ఒక్కొక్కరి నుదుట కుంకుమపువ్వూ బంకా కలిపిన ముద్ద పెట్టి, దానిమీద ఏడెనిమిది బియ్యపు గింజలు అంటించేవాడు. కుంకుమపువ్వు అని దొర అనుకున్నది మన పసుపో కుంకుమో అయ్యుంటుంది. కొల్లూరు కూలీల నుదుట కాశ్మీరు పువ్వు రాసేంత ధారాళం ఏ గుత్తదారుకు ఉంటుంది? ఆ తర్వాత కుండలతో తెచ్చుకున్న నీళ్లతో ఒళ్లు కడుక్కుని బంతిన కూర్చునేవాళ్లు. కుట్టిన విస్తళ్లలో అన్నం, చిన్న రాగి గిన్నెలో కరిగిన నెయ్యి, కాస్త చక్కెర. పని మొదటిరోజు పెట్టే ఆ భోజనం దొంగతనం చేయకుండా నమ్మకంగా పనిచేయడానికని టావెర్నియర్ గడుసుగా చేర్చాడు.

ఇక తవ్వకం. మగవాళ్లు పది పన్నెండు అడుగులు, ఒక్కోసారి పద్నాలుగు అడుగుల లోతుకు దిగేవాళ్లు. నీరు ఊరిందంటే అక్కడితో సరి. ఆడవాళ్లు, పిల్లలు ఆ మన్నంతా మోసి గోడ కట్టిన నేలలో పోసేవాళ్లు. గోతిలో ఊరిన నీళ్లే కుండలతో తోడి మన్ను మీద పోస్తే, ఒకటి రెండు రోజులకు నాని అంబలిలా అయ్యేది. కన్నాలు తెరిచి బురదనీరు వదిలేవాళ్లు, మళ్లీ నీళ్లు పోసేవాళ్లు, చివరికి ఇసుక మిగిలేది. దాన్ని ఎండనిచ్చి చేటలతో చెరిగేవాళ్లు. దుమ్ము ఎగిరిపోగా మిగిలిన గడ్డల్ని రోకళ్ల లాంటి మొద్దులతో దంచేవాళ్లు. ఈ చివర నుంచి ఆ చివరకు రెండు మూడు దఫాలు. మళ్లీ చెరగడం. ఆఖరున పరిచిన ఇసుక పక్కన వరసగా చేరి, ఒక్కొక్క పలుకూ చేత్తో తడుముతూ వెతకడం.

చేట, రోకలి, కుండ. కోహినూరు కొల్లూరుదే అంటారు, సరే. ఆ రాయి ఎవరెవరి చేతులు మారిందో పుస్తకాలకు పుస్తకాలున్నాయి. దాన్ని మొదట చేటలో చూసిన అమ్మ గురించి ఒక్క వాక్యం రాసినవాడు లేడు. వచ్చిన దొరలందరూ క్యారెట్లు లెక్కపెట్టుకుని పోయారు. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

పని తీరును బట్టే ఇది వానల్లో సాగే వ్యవహారం కాదని తెలుస్తుంది. గోతుల్లో నీరు నిలవకూడదు, ఇసుక ఎండాలి. వానలు వెనకబట్టాక, ఎండలు ముదిరేలోపు మంచి రోజులు. రెంటచింతల ఎండ సంగతి తెలిసినవాళ్లకు ఈ లెక్క విప్పి చెప్పక్కర్లేదు.

కొల్లూరు రాళ్ల తిరుగుళ్లు చెప్పుకుంటూ పోతే తెల్లవారుతుంది గానీ, రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. 787 క్యారెట్లకు పైబడిన పచ్చిరాయి ఒకటి ఈ గనిలోదే. మీర్ జుమ్లా చేతుల మీదుగా షాజహానుకు చేరింది. దాన్ని సానపట్టడానికి హార్టెన్సియో బోర్జియో అనే వెనిస్ పనివాణ్ణి పెట్టుకుంటే, వాడు అరగదీసి అరగదీసి 280 క్యారెట్లకు దించాడు. కూలి మాట దేవుడెరుగు, పదివేల రూపాయల జరిమానా పడింది. రెండోది నీలపు వజ్రం. అది కొల్లూరుదే అయ్యుంటుందని నిపుణులు ఎక్కువగా నమ్ముతారు. టావెర్నియర్ దాన్ని పద్నాలుగో లూయీకి అమ్మాడు. కోతలు పడి, చేతులు మారి, హోప్ డైమండ్ అయింది. 1958లో హ్యారీ విన్‌స్టన్ అనే నగల వర్తకుడు దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి దానమిస్తూ మామూలు రిజిస్టర్డు పోస్టులో పంపాడు. బీమాతో కలిపి అయిన ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు. పోస్టుమీద అంత నమ్మకం ఆయనది.

అరవైవేలమందికి ఉప్పూ పప్పూ ఎక్కడి నుంచి వచ్చేవి? బస అనగానే మనకు గుర్తురావాల్సినవాళ్లు వీళ్లే, లంబాడీలు. పది పన్నెండు వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని నడిచే బిడారుల్ని టావెర్నియర్ దారిలో చూశాడు. ఎదురుపడితే అవి దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సిందే. వాళ్లకు ఇళ్లుండవు, డేరాలే, పెళ్లాం పిల్లలు వెంటే, ఒక్కో బిడారుకు ఒక నాయకుడు, మెడలో ముత్యాల పేరు వేసుకుని రాజులా ఉంటాడు అని రాశాడు. రైళ్లొచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. ఇవాళ వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాల్లో కనిపించే తండాలు నడక మానేసిన బిడారులే. ఇళ్లను వెంట తీసుకుని తిరగడంలో ఈ సీమలో వాళ్లను మించినవాళ్లు లేరు. దాన్ని మనం వెనకబాటుతనం అన్నాం. అదే పని రెండు లక్షల డాలర్ల బండితో చేస్తే విశ్రాంత జీవితం అంటున్నాం.

కొల్లూరు తర్వాత రెండు వందల ఏళ్లు నేను గబగబా దాటేస్తాను. గనులు అడుగంటాయి, గోల్కొండ కూలింది, జనం చెదిరిపోయారు.

సరదా కోసం బండిలో కాపురం పెట్టిన మొదటి పెద్దమనిషి ఎవరో చూస్తే, ఆయనా ఒకరకంగా పింఛనుదారే. విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు డాక్టరు. ఒళ్లు బాగాలేక నౌకాదళం ఉద్యోగం మానుకున్నాడు. 1885లో బ్రిస్టల్ బండ్ల కర్మాగారంలో గుర్రాలు లాగే చక్కటి చెక్క ఇల్లు ఒకటి చేయించుకుని, దానికి వాండరర్ అని పేరుపెట్టి, స్కాట్లండు దాకా తోలుకుపోయాడు. ఎదురొచ్చే బండ్లను హెచ్చరించడానికి ముందు ఒక నౌకరు మూడుచక్రాల సైకిలు తొక్కుతూ పోయేవాడు. అంతకుముందు అక్కడ చక్రాల ఇళ్లలో ఉండేది రొమానీలు, సర్కసువాళ్లూ. రొమానీల భాష పుట్టుక భారతదేశంలోనేనని పండితులు ఎప్పుడో తేల్చారు. వాళ్లకూ మన లంబాడీలకూ చుట్టరికం కలిపేవాళ్లున్నారు గానీ, ఆ తగువులోకి నేను దిగను.

మనకు గూడుబండి లేకపోలేదు. కోటప్పకొండ తిరునాళ్లకు చిలకలూరిపేట వైపు నుంచి, వినుకొండ వైపు నుంచి వెదురుబద్దల గూడు కట్టిన బండ్లు బారులు తీరేవి. లోపల గడ్డి, దానిమీద బొంత, ఓ మూల జంతికల డబ్బా, ఇరుసు కింద వేలాడే లాంతరు. ముసలమ్మకూ ముసలయ్యకూ బండిలో చోటు, మిగతావాళ్లు బండి కింద. శివరాత్రి జాగారమంతా ప్రభల వెలుగులో ఆరుబయటే. కారంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవానికి ఇప్పటికీ ఆచారవంతులు వీరుల ఆయుధాలు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రాచగావుతో మొదలై కల్లిపాడుతో ముగిసే ఆ అయిదు రోజులూ మకాం అక్కడే. మిగతాచోట్ల కారులో వెళ్లి, దర్శనం చేసుకుని, చీకటిపడేలోపు ఇల్లు చేరడమే భక్తి అయిపోయింది. రాత్రి ఉండనిదే తిరునాళ్ల ఎలా అవుతుందో నాకు తెలియదు.

నరసరావుపేటలో టీచరుగా రిటైరైన మా బాబాయి, పిన్ని ఫీనిక్స్‌లో కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు వాడు వాళ్లను క్వార్ట్‌సైట్ తీసుకెళ్లాడు. ఇక్కడి పింఛనుదార్లు మామూలుగా ఏప్రిల్లో విమానమెక్కి, మన ఎండలు తప్పించుకుని దసరాకు తిరిగొస్తారు. మనవడి పురుడు కోసం వీళ్లు చలికాలంలో వెళ్లాల్సొచ్చింది. డెబ్భై దాటిన ఒక జంట బండి ముందు కూర్చుని రాళ్లకు సాన పట్టుకుంటోందట. ఆయన బాబాయికి కుర్చీ వేసి, చేతిలో ఒక ఎర్రరాయి పెట్టాడు.

“ఏమండీ, వీళ్లు దుడ్లు కట్టి మరీ ఇక్కడుంటున్నారా?” అని పిన్ని అడిగింది.

“సీజనుకు కడతారంట.”

“ఇదే రాళ్లు, ఇదే ఎండ. మన రెంటచింతలలో ఊరికే ఉండనిస్తారు గదా!”

బాబాయి మాత్రం తిరిగొచ్చాక కూడా ఆ జంటనే తలుచుకుంటాడు. పిల్లల ఇంటికి పోవడం, కాశీకి పోవడం, ఈ రెండూ కాక ముసలాళ్లు తమ కోసం తాము ఎక్కడికైనా పోయి ఉండొచ్చన్న ఊహే తనకెప్పుడూ రాలేదంటాడు. ఆయన మాటలో నిజముంది. మన పెద్దల ప్రయాణాలకు పుణ్యమో మనవలో సాకు కావాలి.

కొల్లూరు వెళ్లి చూద్దామంటే ఊరు లేదు. పులిచింతల ప్రాజెక్టు నిండితే 45 టీఎంసీల పైచిలుకు నీరు. ఆ ముంపులో పోయిన ఊళ్లలో కొల్లూరు ఒకటి. జనానికి వేరేచోట కాలనీలు కట్టిచ్చారు. ప్రపంచంలోని మ్యూజియంలన్నిటికీ పేరు తెచ్చిన ఊరికి మనం ఒక్క ప్రదర్శనశాల కూడా ఎందుకు కట్టుకోలేదని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు, సిగ్గు తప్ప.

రాళ్ల వేట మాత్రం ఆగలేదు. తొలకరి పడగానే కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం దిగుతారు. వాన మట్టిని కడిగి పైకి తేలుస్తుంది కాబట్టి అక్కడ సీజను తిరగబడింది. సద్ది మూటలు, గొడుగులు, చెట్ల కింద నిద్రలు. దొరికిన రాయి కొనడానికి వ్యాపారులు అక్కడే కాచుకుని ఉంటారు. రావుల్కొండ అనే గని దగ్గర ఈ కాచుకోవడాన్ని టావెర్నియర్ వర్ణించాడు. అది కర్నూలు దగ్గరి రామళ్లకోటేనని, 1889లో ఆయన పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన వాలెంటైన్ బాల్ గుర్తించాడు. కొనేవాళ్లందరూ పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు షావుకార్ల పిల్లలట. ఒక్కొక్కడి నడుముకు ఒకపక్క తూకపు రాళ్ల సంచి, ఇంకోపక్క అయిదారు వందల బంగారు వరహాల సంచి. రాయి వస్తే అందరికంటే పెద్దవాడు చూసి, పక్కవాడికి అందిస్తాడు. మాటా పలుకూ లేకుండా అది చుట్టూ తిరిగి మళ్లీ పెద్దవాడి చేతికొస్తుంది. అప్పుడు వాడు ధర అడుగుతాడు. సాయంత్రం లాభం పంచుకునేటప్పుడు వాడికి నూటికి పావువంతు ఎక్కువ.